ఖలీల్‌వాడి దాక

కారు శక్కర్ నగర్ ఫ్యాక్టరీ గోడ దాటుతుంటే ఎల్లవ్వ మనుమడి మూతిని కొంగుతోటి తుడిచింది. తుడిచిన ఎంబడే మళ్ల సొంగ కారింది, సన్నగ, తీగ లెక్క, గదువ మీదికెల్లి అంగీ మీదికి, ఆమె మళ్ల తుడిచింది. పండ్లు వస్తున్నయేమో అనుకున్నది కదా పొద్దుగాల, దవడపండ్లు వచ్చేటప్పుడు పిల్లలకు గిట్లనే సొంగ కారుతదని తనకు తనే చెప్పుకున్నది కదా. బడిల ఆయమ్మగ చేసినన్ని ఏండ్లు ఎందరి ముక్కులు తుడిచిన చేతులు, ఎందరి ఏడ్పు ఆపిన చేతులు, ఆ చేతులకు ఇయ్యాల ఏమొచ్చింది, కండ్లకు ఏమొచ్చింది. బంటి ఏడ్వడం లేదు. ఏడ్చినా బాగుండు. మూడో ఏడు నడుస్తున్న పిల్లగాడు, కారెక్కితే కిటికీల నుంచి బర్రెను చూసి కేకవెట్టే పిల్లగాడు, ఆమె రొమ్ముకు తల ఆనిచ్చి బయటికి చూస్తున్నడు, మింగబోయినప్పుడల్ల మెడ సాచి మొఖం చిట్లిస్తున్నడు.

"పండవెట్టకమ్మా, నిలువుగనే పట్టుకో," అన్నది పక్కన కూసున్న బిడ్డ ఆశ. ఆశ చేతిల తేనె సీస ఉన్నది, ఇంకో చేతిల చెంచ. కొద్దికొద్దిసేపటికి చెంచెడు తేనె బంటి నాలిక మీద పోస్తున్నది, సగం లోపలికి పోతున్నది, సగం సొంగతోటి ఎల్లవ్వ కొంగుకు అంటుతున్నది. తేనె ఎందుకే అని అడగాలని ఉన్నది ఎల్లవ్వకు, ఇంట్ల అడిగింది కూడ, "కాలకుండ," అని ఒక్కటే మాట అన్నది ఆశ. ఏం కాలకుండ, లోపల పొయ్యి ఉన్నదా, అంత చిన్న బ్యాటరీ బిళ్ల, గోరంత బిళ్ల, దాంట్ల నిప్పు ఎక్కడిది? కానీ ఆశ మొఖం చూసినంక మళ్ల అడగబుద్ధి కాలేదు. జర్మనీల పెద్ద దవాఖానల నర్సు ఆశ, ఎందరి సావులో చూసిన పిల్ల, ఆమెకు తెల్వనిది కాదు. ఆమెకు తెల్సు కాబట్టే గిట్ల ఉన్నది. తెల్వని భయం ఒకటి, తెల్సిన భయం ఒకటి. తెల్సిన భయం ఎట్లుంటదో బిడ్డ మొఖంల కనవడుతుంటే ఎల్లవ్వ చూపు తిప్పుకున్నది.

మోషే హారన్ కొట్టుకుంట ఎడపల్లి దిక్కు తోలుతున్నడు. తమ్ముడు మోషే కిరాయి కారు తోలుతడు, ఫోన్ చేసిన ఎంబడే అన్నం ముందల నుంచి లేచొచ్చిండు, చేతులు కడిగిండో లేదో. అద్దంలకెల్లి ఒకసారి వెనుకకు చూసి, "ఏం కాదక్కా," అన్నడు. ఆయనకు ఎట్ల తెల్సు ఏం కాదని. అసలు ఏమైందో ఎల్లవ్వ ఒక్కతే చూసింది, ఆమె కూడ చూడలేదు, చూడకపోవుడే కదా జరిగింది. ఆశ పండుకున్నది లోపల, విమానం దిగి రెండు దినాలైనా నిద్ర తీరలేదు, ఇక్కడ తెల్లారినా అక్కడ ఇంక రాత్రే ఉంటదట. లేపొద్దని ఎల్లవ్వ బంటిని అరుగు మీదికి తెచ్చి చాప ఏసి, చిక్కుడుకాయలు ముందలేసుకొని, పిల్లగాడు సప్పుడు చేయకుండ ఉంటడని పారిస్‌ల కొన్న ఆ ఇనుప గోపురం బొమ్మను చేతికిచ్చింది. అడుగున ఒత్తితే ఎర్రగ, నీలంగ మెరుస్తది. తనే ఇచ్చింది. ఎవ్వరో ఇయ్యలేదు. ఒకసారి దగ్గిండు, మొఖం ఎర్రగైంది, ఈపు మీద తట్టింది, నీళ్లు తాగిచ్చింది, నీళ్లు బయటికొచ్చినయి, మళ్ల సల్లవడ్డడు. కాయలు తుంచుకుంట కూసున్నది ఆమె. అయ్యో ప్రభువా, కాయలు తుంచుకుంట కూసున్నది. అన్నంల కోడిగుడ్డు కలిపి ముద్ద పెడితే ఊంచినంక, సొంగ ఆగకపోతే, అప్పుడు చాప కింద దొరికింది బొమ్మ, అడుగు మూత ఊడి, లోపల ఖాళీగ. దాన్ని పట్టుకపోయి బిడ్డను లేపి, "గిండ్ల ఏముండెనే?" అని అడిగింది. ఆశ కండ్లు తెరిచి ఆ బొమ్మను చూసింది, పిల్లగాన్ని చూసింది. ఆమె లేచినట్టు ఎల్లవ్వకు కనవడలేదు. పండుకొని ఉన్నది, మళ్ల చూసేసరికి చాప మీద మోకాళ్ల మీద ఉన్నది, చిక్కుడుకాయలన్ని చెల్లాచెదరు చేసుకుంట, చాప దులుపుకుంట, మోరీల చేయి పెట్టి వెతుక్కుంట.

"ఎప్పుడు దగ్గిండమ్మా? సరిగ్గ చెప్పు."

"కాయలు సగమైనప్పుడు."

కాయలు సగమైనప్పుడు అంటే ఏం టైమో, నర్సుకు చెప్పే మాటనా అది. ఆశ తిట్టలేదు. తిడితే ఎంత బాగుండు, ఏం చేస్తున్నవే ముసల్దానా అని ఒక్క మాట అంటే ఆ మాటను పట్టుకొని ఏడ్వొచ్చు. నిజామాబాదుల తెల్సిన డాక్టరుకు ఫోన్ చేసింది, ఇంగ్లీషుల మాట్లాడింది, తేనె ఉన్నదా అని తల్లిని అడిగింది, చెప్పులు ఏసుకోకుండ కారెక్కింది. ఇప్పుడు ఆ పాదాలు కారు అడుగున ఒకదాని మీద ఒకటి ఉన్నయి, మోరీ బురద అంటుకొని, చిన్నప్పుడు బడి నుంచి వచ్చినట్టు.

బిడ్డ మొఖం అట్ల ఎల్లవ్వ ఇంతకుముందు ఒకసారి చూసింది. అద్దం అవతల చూసింది. పోయినేడు ఆశ జర్మనీకి పిలిపించుకున్నప్పటి సంగతి, బంటికి అడుగులు పడుతున్న రోజులు, ఆశ మళ్ల డ్యూటీకి ఎక్కాలె, అల్లుడు పాల్ రాజ్ గోదాముల పని, పిల్లగాన్ని పట్టుకునేటందుకు మూడు నెలల వీసా మీద ఎల్లవ్వ పోయింది. పోయినంక, ఇంత దూరమొచ్చి నాలుగు గోడలు చూసిపోతరా అత్తమ్మా అని పాల్ రాజ్ పారిస్ బయలుదేరదీసిండు. బ్రస్సెల్స్ టేషన్ల రైలుబండి మారుతున్నరు. బంటిని తోసుకపోయే చిన్న బండిని, సంచులను అల్లుడు ఎక్కించిండు, చక్రం ఇరికితే ఆశ లోపలికెక్కి గుంజింది, ఎల్లవ్వ బంటిని సంకల ఏసుకొని ఎనుక నిలవడ్డది, ఒక్క అడుగే, ఆ ఒక్క అడుగు ఏసేలోపల తలుపులు వాటంతట అవే మూసుకున్నయి. మన బోధన్ బస్సైతే కొట్టి ఆపొచ్చు, కండక్టర్ను తిట్టొచ్చు. ఆ బండి మాట ఇననిది. అద్దం ఎనుక ఆశ నోరు తెరిచి ఉన్నది, ఏమో అంటున్నది, సప్పుడు లేదు, రెండు చేతులు అద్దాన్ని కొడుతున్నయి, సప్పుడు లేదు. బండి కదిలినంక మాత్రం అరచేయి కిందికి పెట్టి చూపించింది, అక్కడ్నే ఉండు, అక్కడ్నే ఉండు అని.

ఎల్లవ్వ అక్కడ్నే కూలవడ్డది, నిలవడ్డ జాగల, నేల మీద, చీర మీద స్వెట్టరు, తలకు ఉన్ని టోపీ. జనం చుట్టు తిరిగి పోతున్నరు, ఎవరి కాళ్లు ఎవరివో, ఎవరి భాష ఏందో. తప్పిపోతే తప్పిపోయిన కాడనే కూసోవాలె, కదిలితే ఇద్దరు తప్పిపోతరు అని ఎప్పుడో చిన్నప్పుడు వాళ్ల అవ్వ చెప్పిన మాట ఒక్కటే తలకాయల మిగిలింది. బంటి ఏడుస్తున్నడు గొంతు చించుకొని. అప్పుడు పట్టుకున్న భయం తప్పిపోయిన భయం కాదు. ఈ నల్ల ముసల్ది ఎవరి పిల్లగాన్నో ఎత్తుకొచ్చిందని అనుకుంటరేమో, గుంజుకపోతరేమో, ఇస్తనా, పానం పోయినా ఇస్తనా. పోలీసు బట్టలల్ల ఒక ఆడామె వచ్చి వంగి ఏమో అడిగింది. ఎల్లవ్వ పిల్లగాన్ని ఇంకింత గట్టిగ ఒత్తుకొని, "బోధన్, బోధన్," అన్నది. ఏం తెల్సు ఆమెకు బోధన్ అంటే. ఆమె కాసేపు చూసి, టోపీ తీసి, ఆమె పక్కన నేల మీదనే కూసున్నది. చేతులు పట్టలేదు, పిల్లగాన్ని అడగలేదు, ఉత్తగ కూసున్నది, ఇంకో బండి దిగి ఆశ ఉరికొచ్చేదాక. ఆ పొద్దు తన చేతులనే ఉండె కదా బంటి, అంత పరాయి దేశంల, అంత జనంల, చేతులకెల్లి జారనియ్యలే కదా. ఇక్కడ, సొంత అరుగు మీద, చేతికందే దూరంల జారిపోయిండు.

ఆశ చెంచ మళ్ల నింపింది. "బంటీ, నానా, తాగు. తాగురా." చెంచ పండ్లకు తగిలి టకటక సప్పుడైతున్నది. బంటి తల తిప్పుకున్నడు. ఎల్లవ్వ గదువ పట్టి తిప్పింది, మెల్లగ. నోట్లకు పోయింది. గుటక పడ్డది. ఆ గుటకకు పిల్లగాని ఒళ్లంత బిగుసుకొని, గొంతుల కీచుమని సన్న సప్పుడైంది, ఆ సప్పుడుకు ఆశ కండ్లు మూసుకున్నది.

"గొంతు పక్కనే ఉంటది నరం," అన్నది ఆశ, ఎవరికి చెప్తున్నదో తెల్వకుండ. "మాటకు ఉండే నరం. అది కాలితే మాట రాదు."

ఫోన్ మోగింది. ఫోన్ ఎల్లవ్వ పక్కన సీటు మీద ఉన్నది, పాల్ రాజ్ బొమ్మ నవ్వుకుంట వచ్చింది దాని మీద, బంటిని భుజాల మీద ఎక్కించుకున్న బొమ్మ. రోజు ఈ యాళ్లకే చేస్తడు, పనికి పోయే ముందల, అక్కడ అప్పుడే తెల్లారుతది. "ఎత్తకు," అన్నది ఆశ. మోగి మోగి ఆగింది. మళ్ల మోగింది. ఎత్తితే ఏం చెప్తరు, ఏడు సముద్రాల అవతల ఉన్నోనికి, రాలేనోనికి, నీ కొడుకు గొంతుల నిప్పు ఉన్నదని. పాల్ రాజుకు ముందుగాలనే ఇష్టం లేదు. ఆశకు రాత్రి డ్యూటీలు, ఆయనకు పగటి డ్యూటీ, పిల్లగాన్ని చూసుకునే బడిల జాగ దొరుకుతలేదు, ఒక్క ఏడాది అమ్మ దగ్గర ఉంచొస్తనని ఆశ అన్నది, వద్దన్నడు ఆయన, నా కొడుకును ఫోన్ల చూసుకుంట బతుకుమంటవా అన్నడట. అట్ల అన్నా ఆఖరుకు ఒప్పుకున్నడు. అత్తమ్మ కాబట్టి పంపుతున్న అన్నడట. అత్తమ్మ కాబట్టి. ఫోన్ మూడోసారి మోగుతుంటే ఎల్లవ్వ దాన్ని బోర్లేసింది, అద్దం కనవడకుండ, అయినా సీటు వణుకుతనే ఉన్నది.

ఎడపల్లి పోయింది. చెరుకు తోటలు రెండు దిక్కుల, కోసిన చెరుకు ఆకు ఎండి తెల్లగ, ఎండల కండ్లకు గుచ్చుకుంట. ఈ రోడ్డు మీదికి ఆమె ఎప్పుడు ఇష్టంగ రాదు. ఆయన ఈ రోడ్డు మీదనే పోయిండు కదా, మొగడు రాజనర్సు, ఫ్యాక్టరీ బందైనంక పనిలేక కూసొని కూసొని, ఒకనాడు ఎదల నొస్తున్నదన్నడు, అంబులెన్సుల ఆమె ఆయన కాళ్ల కాడ కూసున్నది. జానకంపేట ఎప్పుడొస్తదే అని అడిగిండు. వచ్చిందయ్యా అని చెప్పింది, రాకముందే చెప్పింది. జానకంపేట వచ్చినప్పుడు ఆయన అడగలేదు. వద్దు ప్రభువా, ఆ సంగతి ఇప్పుడు వద్దు. ఈ రోడ్డుకు ఒకసారి ఇచ్చిన, మళ్ల అడగొద్దు. ప్రార్థన చేద్దామని కండ్లు మూసుకుంటే మాటలు రావడం లేదు, ప్రతి ఆదివారం మందిల నిలవడి పేరుపేరున అందరి కోసం ప్రార్థన చేసే ఎల్లవ్వకు ప్రభువా, ప్రభువా అన్న ఒక్క పిలుపు తప్ప ముందటికి మాట దొరకడం లేదు, ఆ పిలుపు కూడ కారు చక్రాల సప్పుడుల కలిసిపోతున్నది.

ఆ బొమ్మ వద్దన్నది ఆశ. పారిస్‌ల, ఆ పెద్ద ఇనుప గోపురం కింద, చలికి ముక్కులు పోతున్నయి, ఒకాయన నేల మీద బట్ట పరిచి చిన్న చిన్న గోపురాలు పెట్టి అమ్ముతున్నడు, ఆఫ్రికా మనిషట, బట్ట నాలుగు మూలలకు తాళ్లు కట్టుకున్నడు, పోలీసులు కనవడంగనే తాళ్లు గుంజితే దుకాణమంత మూటై భుజానికెక్కుతది. నిజామాబాద్ గాంధీచౌకుల బండ్లోళ్లు యాదికొచ్చి ఎల్లవ్వకు ఆయన మీద జాలైంది. ఆయన బంటి ముందల ఒకదాన్ని వెలిగించిండు. బంటి చేయి సాచిండు. అమ్మా, అవి పాడు బొమ్మలు, రెండు రోజులుండయి, వద్దు అన్నది ఆశ. పిల్లగాడు అడిగినంక కాదంటరా అన్నది ఎల్లవ్వ. ఎంత గొప్పగ అన్నది! ఆ పొద్దంత బంటి దాన్ని ఇడవలేదు. మంచు కొండల దేశం తీస్కపోతే అక్కడ కూడ అదే పట్టుకున్నడు, ఒక చేతిల బొమ్మ, ఇంకో చేతితోటి మంచు తీసి నోట్ల పెట్టుకున్నడు, చల్లగ తగిలి నోరు తెరిచి అట్లనే ఉంటే అందరు నవ్విండ్రు, పాల్ రాజ్ ఫోటో తీసిండు. దొరికిందల్ల నోట్ల పెట్టుకునే పిల్లగాడని అప్పుడే తెల్వదా. నవ్విండ్రు కదా అందరు.

కారు ఆగింది. ముందల రోడ్డు నిండ చెరుకు. ట్రాక్టర్ ఎనుక డబ్బ ఒకటి పక్కకు ఒరిగి, చెరుకు కట్టలు రోడ్డంత పరుచుకున్నయి, అటు బస్సు, ఇటు లారీ, మధ్యల మోటర్ సైకిళ్లు ఇరికి హారన్లు కొడుతున్నయి. మోషే దిగి ఉరికిండు, ఎవరితోనో కొట్లాటకు దిగిండు, ట్రాక్టరాయన నన్నేం చెయ్యమంటవే అంటున్నడు. ఆశ డోర్ తీసింది, "అమ్మా, నేను ఎత్తుకొని నడుస్త, అవతల ఇంకేదన్న బండి పట్టుకుంట," అన్నది, ఉత్త కాళ్లతోటి. ఎల్లవ్వ పిల్లగాన్ని ఆమె చేతులల్ల పెట్టింది. పెట్టినంక ఏం చేసిందో ఆమెకు తర్వాత సరిగ్గ యాదికి రాలేదు. రోడ్డు పక్కన చెట్టు నీడకు కూసున్న చెరుకు కొట్టెటోళ్లు మహారాష్ట్ర నుంచి వచ్చినోళ్లు, ఆడోళ్లు, మొగోళ్లు, కొడవండ్లు పక్కన పెట్టుకొని బీడీలు తాగుతున్నరు, వాళ్ల ముందల పోయి నిలవడ్డది. సంతల మరాఠోళ్ల దగ్గర ఉల్లిగడ్డలు కొన్నప్పుడు వచ్చిన నాలుగు మాటలే ఆమెకు వచ్చు. "లేకరూ ఆహే! గాడీత్ లేకరూ ఆహే! వాట్ ద్యా!" అని ఒర్లింది. పసిపిల్లగాడున్నడు, తొవ్వ ఇయ్యండ్రి అని. తన గొంతు అంత పెద్దగుంటదని ఆమెకు తెల్వదు. ముందల ఒక ఆడామె లేచింది, సంకల పసిదున్నది ఆమెకు, పసిదాన్ని పక్కదాని ఒళ్లె ఏసి కట్టకు చేయేసింది. ఆమె ఎనుక అందరు లేచిండ్రు. ఎల్లవ్వ కూడ వంగి గుంజింది, చెరుకు ఆకు అరచేతులు కోసింది, మోషే కొట్లాట ఇడిసిపెట్టి గుంజిండు, బస్సు దిగిన పిల్లలు గుంజిండ్రు, ఒక్క కారు పట్టే తొవ్వ పడ్డది. కారెక్కుతుంటే ఆ ఆడామె ఎల్లవ్వ ఈపు మీద చేయేసి ఏమో అన్నది, అర్థం కాలేదు, అర్థం కావల్సిన మాట కాదది.

జానకంపేట వచ్చింది. ఎల్లవ్వ బంటి మొఖం మీదికెల్లి చూపు తీయలేదు. కండ్లు మూస్తున్నడు. "బంటీ, పండొద్దు రా, అగో రైలు, అగో సూడు," రైలు లేదు, అయినా అన్నది, కండ్లు తెరిచిండు. సారంగాపూర్ వచ్చింది. అర్సపల్లి వచ్చింది. ఊర్ల పేర్లు ఒక్కొక్కటి గుండె మీదికెల్లి దాటుతున్నయి. నిజామాబాదుల ఆటోలు, పసుపు మూటల లారీలు, ఎవరి తొందర వాళ్లది, మోషే ఎక్కడ తిప్పిండో ఎట్ల తిప్పిండో, ఖలీల్‌వాడి గల్లీల దవాఖాన ముందల కారు ఆగకముందే ఆశ దిగి ఉరికింది.

ఎక్స్‌రే అద్దం మీద పెట్టినప్పుడు ఎల్లవ్వ కూడ చూసింది. పిల్లగాని పక్కటెముకలు, చేప ముల్లు లెక్క సన్నగ, వాటి మీద గొంతు కింద తెల్లగ, గుండ్రంగ, చుట్టు ఇంకో గీతతోటి, పున్నమి చందమామ లెక్క. ఎవ్వరు చెప్పకపోయినా తెల్సింది. పొద్దటి నుంచి ఎక్కడో ఒక మూల, మోరీల పోయిందేమో, కాకి ఎత్తుకపోయిందేమో అని దాచుకున్న నమ్మకం అక్కడ సచ్చింది. పడుచు డాక్టరు, కండ్లద్దాలామె, ఆశ ఫోన్ చేసింది ఈమెకే. మత్తిచ్చి నోట్లకెల్లి తీయాలె, లోపల ఎంత కాలిందో చూస్తే గాని చెప్పలేనన్నది. ఆశ తనే బంటిని బల్ల మీద పండవెట్టింది. చేయి ఇడిపించుకుంటుంటే బంటి ఆమె వేలు పట్టుకున్నడు, ఒక్కొక్క వేలు ఇడిపించింది, తలుపు పడ్డది.

బయట బల్ల మీద ఆశ గోడకు ఆని కూసున్నది, ఎల్లవ్వ నేల మీద కూసున్నది, పైన కూసోబుద్ధి కాలేదు. ఫోన్ మోగింది. ఈసారి ఆశ ఎత్తి చెవికి పెట్టుకున్నది, అవతల పాల్ రాజ్ ఆశా, ఆశా అంటున్నది ఎల్లవ్వకు కూడ ఇనవడుతున్నది. ఫోన్ ఎల్లవ్వ తీసుకున్నది. "బిడ్డా, నేను," అన్నది. దాచలేదు. బొమ్మను తనే ఇచ్చిందని చెప్పింది, కాయలు తుంచుకుంట చూడలేదని చెప్పింది, లోపల తీస్తున్నరని చెప్పింది. "నా చేతులల్ల ఉన్నప్పుడే అయింది బిడ్డా. ఆశ తప్పేం లేదు. పండుకున్నది అది." అవతల ఎక్కడో బస్సు పోతున్న సప్పుడు, పిట్ట కూత. తర్వాత పాల్ రాజ్ గొంతు వచ్చింది, పలిగిన గొంతు. "అత్తమ్మా, ఆశను ఒక్కదాన్ని ఇడ్వకుండ్రి. మీరు కూడ ఒక్కలు ఉండకుండ్రి. నేను ఫోన్ పెట్టను, ఇట్లనే పట్టుకుంట." ఫోన్ నడుమల పెట్టుకొని తల్లీబిడ్డ కూసున్నరు, అవతల ఆయన ఊపిరి ఇనుకుంట.

తలుపు తీసి డాక్టరమ్మ వచ్చింది. చిన్న స్టీలు గిన్నెల బిళ్ల ఉన్నది, ఒక దిక్కు మెరుస్తున్నది, ఇంకో దిక్కు నల్లగ మాడింది. "వచ్చింది," అన్నది ముందుగాల. తర్వాత మెల్లగ చెప్పింది, లోపల పుండైంది, గోడ తెగలేదు, తేనె పోసుకుంట తెచ్చుడు మంచిదైంది, కొన్ని దినాలు నోట్లకేం పెట్టొద్దు, మళ్ల లోపలికి చూడాలె, గొంతు సంగతి మేలుకుంటే గాని తెల్వది. ఆశ ఇన్నదంత నర్సు లెక్క ఇన్నది, తల ఊపింది, రెండు ప్రశ్నలు అడిగింది, ఫోన్ల మొగనికి మళ్ల చెప్పింది. డాక్టరమ్మ పోయినంక మెల్లగ బల్ల మీదికెల్లి జారి తల్లి పక్కన నేల మీద కూసొని, ఆమె కోసుకపోయిన అరచేయి చూసి, దాంట్ల మొఖం పెట్టుకొని ఏడ్చింది. "నేను ఉన్నా గిట్లనే అయితుండెనమ్మా," అన్నది ఆ ఏడ్పులనే. "నేనైనా ఆ బొమ్మనే ఇచ్చెటిదాన్ని." అది నిజమో, తల్లి కోసం అన్న మాటో ఎల్లవ్వ అడగలేదు. "తీస్కపోవే వాన్ని," అన్నది. "నాకు భయమైతున్నది. తీస్కపో, లేదంటే నన్ను కూడ తీస్కపో."

ఆశ జవాబు చెప్పేలోపలనే నర్సు వచ్చి, మేలుకుంటున్నడు, ఒక్కలు రావాలె అన్నది. ఆశ లేచి నిలవడ్డది, మళ్ల ఏమనుకున్నదో తల్లి దిక్కు చూసింది. "నువ్వు పోమ్మా."

"నేనా? వద్దే. నన్ను చూస్తే..."

"పో."

ఎల్లవ్వ నల్లా నీళ్ల కింద చేతులు కడుక్కున్నది, కోసిన కాడ సబ్బు మండింది, మళ్ల కడుక్కున్నది. లోపల చల్లగ ఉన్నది. పెద్ద మంచం మీద ఇంత పిల్లగాడు, ముక్కుల సన్న గొట్టం, చేతికి సూది, పెదవులు ఎండి. ఆమె దగ్గరికి పోయింది గాని ముట్టుకోలేదు, ముట్టుకుంటే ఏమైతదో అని, చేతులు ఎనుకకు పెట్టుకొని నిలవడ్డది. బంటి కండ్లు తెరిచిండు. కండ్లు ఇటు అటు తిరిగి ఆమె మీద ఆగినయి, ఆగి, నొసలు ముడిచిండు, ఈమె కాదు నాకు కావల్సింది అన్నట్టు మొఖం అటు తిప్పుకున్నడు. నోరు తెరిచిండు. ఏం రాలేదు. మళ్ల తెరిచిండు, గొంతు గరగరమన్నది, ఇసుకల బండి గీసినట్టు, ఆ గరగరలకెల్లి ఒక్కసారి తన్నుకొచ్చింది ఏడ్పు, బొంగురుగ, పెద్దగ, గదంత నిండేటట్టు:

"మమ్మీ!"

ఎల్లవ్వ గోడకు ఆనుకున్నది. కండ్ల నీళ్లు మూతిదాక వచ్చినయి. బంటి దుప్పటిని కాలుతోటి తన్నుకుంట మళ్ల మమ్మీ, మమ్మీ అని ఒర్లుతున్నడు, నర్సు ఊరుకోబెట్టబోతే ఎల్లవ్వ వద్దని చేయి అడ్డం పెట్టింది, ఒర్లనీ, ఇంకింత ఒర్లనీ. తలుపు దిక్కు తిరిగి తను కూడ అంతే పెద్దగ అరిచింది.

"ఆశా! రాయే! నిన్నే పిలుస్తున్నడు!"